సీసపు కేంద్రకాలు ఢీకొన్నప్పుడు పుట్టే కణాల లెక్క: 1584 పక్కనున్న 76 ఎక్కడి నుంచి వచ్చింది?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. సెర్న్ పరిశోధన కేంద్రంలోని లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో రెండు సీసపు కేంద్రకాలు ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు, కణపుంజానికి లంబంగా ఉండే మధ్య ప్రాంతంలో 1584 ఆవేశిత కణాలు వెలువడుతున్నాయని ఆలిస్ ప్రయోగ బృందం 2010లో ప్రకటించింది. ఆ సంఖ్య పక్కన ±4 అని ఒకటి, ±76 అని ఒకటి, రెండు దోషాలు విడివిడిగా ఉన్నాయి. వేల కణాలు ఒక్కసారిగా దూసుకువస్తుంటే వాటిని ఎలా లెక్కపెట్టారు, దోషాలు రెండు ఎందుకు, రెండోది మొదటిదానికి పంతొమ్మిది రెట్లు ఎందుకుంది, ఇలాంటి కొలతను ఒక విద్యార్థి సొంతంగా చేసి చూడగలరా అని మీరు అడిగారు.

ఈ రకమైన డేటా విశ్లేషణలో చాలాకాలంగా పనిచేస్తున్న అనుభవంతో ఒక మాట చెబుతాను. ఈ కొలతలో లెక్కపెట్టడం చిన్న పని. దేన్ని లెక్కపెట్టదలిచామో నిర్వచించుకోవడం, లెక్కకు అందకుండా పోయినవెన్నో, పొరపాటున లెక్కలో చేరినవెన్నో తేల్చడం, ఆ తేల్చిన దానిపై మనకు ఎంత నమ్మకం ఉందో నిజాయితీగా అంకెల్లో పెట్టడం అసలు పని. ఆ పని అంతా 76లో ఉంది. అందుకే ఆ పత్రికా వ్యాసంలో 1584 కంటే 76 గురించి చదవడానికే ఎక్కువ సమయం కేటాయించాలని కొత్తగా చేరిన విద్యార్థులకు చెబుతుంటాను.

ముందుగా 1584 అంటే ఏమిటో స్పష్టం చేసుకుందాం, ఎందుకంటే చాలామంది దీన్ని ఒక అభిఘాతంలో (ఢీకొనడంలో) పుట్టే మొత్తం కణాల సంఖ్యగా పొరబడతారు. ఒక్కో న్యూక్లియాన్ (కేంద్రకంలోని ప్రోటాన్ లేదా న్యూట్రాన్) జతకు 2.76 టెరా ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి ఉన్న అభిఘాతాల్లో, బాగా ఎదురెదురుగా ఢీకొన్న 5 శాతం ఘటనలను మాత్రమే తీసుకుని, వాటిలో సూడోర్యాపిడిటీ సున్నా దగ్గర ఒక యూనిట్ వెడల్పులో సగటున ఎన్ని ఆవేశిత కణాలున్నాయో చెప్పే సంఖ్య అది. సూడోర్యాపిడిటీ అనేది కణం ప్రయాణించే దిశను సూచించే కొలమానం. కణం పుంజపు అక్షంతో చేసే కోణంలో సగానికి టాంజెంట్ తీసుకుని, దాని సహజ సంవర్గమానానికి గుర్తు మారిస్తే అది వస్తుంది. పుంజానికి సరిగ్గా లంబంగా వెళ్లే కణానికి దాని విలువ సున్నా. పుంజం దిశకు దగ్గరయ్యే కొద్దీ అది అనంతం వైపు పెరుగుతుంది. సున్నాకు ఇరువైపులా అర యూనిట్ చొప్పున తీసుకుంటే దాదాపు 62 డిగ్రీల నుంచి 118 డిగ్రీల వరకు ఉండే కోణాల మేర అవుతుంది. ఆ మేరలో 1584. అన్ని దిశల్లోనూ కలిపితే ఆ ఘటనల్లో ఆవేశిత కణాల సగటు సుమారు 17,000 అని అదే బృందం తరువాత కొలిచింది.

ర్యాపిడిటీ అనే మరింత సహజమైన చలరాశి ఉండగా సూడోర్యాపిడిటీని ఎందుకు ఎంచుకుంటారని మీకు అనిపించవచ్చు. ర్యాపిడిటీ లెక్కించాలంటే కణపు శక్తి, పుంజం దిశలో దాని ద్రవ్యవేగం రెండూ తెలియాలి, అంటే అది పయానో (ఈ అభిఘాతాల్లో ఎక్కువగా పుట్టే తేలికైన కణం) ప్రోటానో గుర్తించి ఉండాలి. సూడోర్యాపిడిటీకి కోణం ఒక్కటి చాలు. కణాన్ని గుర్తించకుండానే లెక్కపెట్టే వీలు అక్కడి నుంచే వస్తుంది. దీనికి చెల్లించే మూల్యం, ద్రవ్యరాశి గల కణాల విషయంలో సూడోర్యాపిడిటీ సున్నా దగ్గర వితరణ కొద్దిగా కుంగినట్టు కనిపించడం. అది భౌతిక ప్రక్రియ వల్ల వచ్చిన పల్లం కాదు, చలరాశి మార్పు వల్ల వచ్చినది.

ఈ సంఖ్య కోసం అంతమంది ఎందుకు ఎదురుచూశారో కూడా చెప్పాలి. 1990ల మధ్యలో ఆలిస్‌ను రూపకల్పన చేసినప్పుడు ఒక్కో ర్యాపిడిటీ యూనిట్‌కు 8000 వరకు ఆవేశిత కణాలు వచ్చినా తట్టుకోవాలన్నది ప్రమాణం, ఎందుకంటే అప్పటి అంచనాలు అంతగా చెదిరి ఉండేవి. 2000లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో ఉన్న రిక్ త్వరణ యంత్రం బంగారు కేంద్రకాలను ఢీకొట్టడం మొదలుపెట్టాక, అనుకున్నదానికంటే తక్కువ కణాలే వస్తున్నాయని తేలి అంచనాలు బాగా దిగివచ్చాయి. 2010 నవంబరులో సెర్న్‌లో తొలి సీసపు అభిఘాతాలు జరిగినప్పుడు, మొదటి కొద్ది రోజుల డేటాతోనే ఈ ఒక్క సంఖ్య అనేక నమూనాలను పక్కకు తప్పించగలిగింది. రిక్‌లో 0.2 టెరా ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర వచ్చిన విలువకు ఇది సుమారు 2.2 రెట్లు. పాల్గొన్న న్యూక్లియాన్ జత ఒక్కింటికి లెక్కిస్తే, అదే స్థాయి శక్తి దగ్గర ప్రోటాన్-ప్రోటాన్ అభిఘాతాల్లో వచ్చే దానికి సుమారు 1.9 రెట్లు. శక్తి పెరిగేకొద్దీ కేంద్రకాల అభిఘాతాల్లో కణాల ఉత్పత్తి ప్రోటాన్ల అభిఘాతాల్లో కంటే వేగంగా పెరుగుతోందన్నది దాని నుంచి వచ్చిన ముఖ్య ఫలితం. కేంద్రకాల అభిఘాతం అంటే అనేక ప్రోటాన్ అభిఘాతాల కూడిక మాత్రమే అనుకుంటే ఈ పెరుగుదలకు వివరణ దొరకదు.

ఇక లెక్కపెట్టిన పద్ధతి. 2010లో ఆలిస్ వాడినది లోపలి సిలికాన్ పిక్సెల్ శోధకం. పుంజం చుట్టూ 3.9 సెంటీమీటర్ల, 7.6 సెంటీమీటర్ల వ్యాసార్ధాల్లో రెండు స్థూపాకారపు పొరలు, వాటిలో సుమారు 98 లక్షల పిక్సెళ్లు. ఆవేశిత కణం రెండు పొరలనూ దాటుతూ ఒక్కో పొరలో ఒక్కో చుక్కను వదులుతుంది. అభిఘాతం జరిగిన బిందువు ముందే తెలుసు కనుక, ఆ బిందువు నుంచి చూస్తే దాదాపు ఒకే దిశలో కనిపించే రెండు చుక్కలను జతచేసి దాన్ని ట్రాక్‌లెట్ అంటారు. ట్రాక్‌లెట్ల సంఖ్యే మన ముడి లెక్క. పెద్ద వాయు శోధకమైన టైమ్ ప్రొజెక్షన్ ఛాంబర్ ఒక్కో కణపు మార్గాన్ని 159 బిందువుల వరకు గుర్తించగలదు, ద్రవ్యవేగాన్ని చక్కగా కొలుస్తుంది కూడా. కానీ ఆలిస్‌లోని 0.5 టెస్లా అయస్కాంత క్షేత్రంలో తక్కువ ద్రవ్యవేగం గల కణాలు బాగా వంగిపోయి దానివరకు సరిగ్గా చేరవు. పుంజానికి అంత దగ్గరగా ఉన్న పిక్సెల్ పొరల్లో మాత్రం 50 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల ద్రవ్యవేగం గల కణాలు కూడా ట్రాక్‌లెట్లుగా దొరుకుతాయి. పుట్టే కణాల్లో అధికభాగం తక్కువ ద్రవ్యవేగం గలవే కనుక, కేవలం లెక్క కోసమైతే నిరాడంబరమైన ఈ పద్ధతే మేలు.

గణాంక దోషం, అంటే ఆ ±4, ఎందుకు అంత చిన్నదో ఇప్పుడు అర్థమవుతుంది. ఒక్కో ఘటనే పదిహేను వందలకు పైగా కణాలను ఇస్తుంది. కొన్ని వేల ఘటనలుంటే చాలు, సగటులోని యాదృచ్ఛిక అనిశ్చితి 0.25 శాతానికి దిగుతుంది. 1584లో 4 అంటే అంతే. ఇంకా కోట్ల ఘటనలు సేకరించినా ఆ 4 తగ్గుతుందే తప్ప 76 కదలదు. ఆ 76, అంటే సుమారు 4.8 శాతం, వేరే మూలాల నుంచి వచ్చింది. దీన్నే క్రమ దోషం అంటారు.

మొదటి మూలం తప్పుడు జతలు. ఇన్ని కణాలు ఒకేసారి దాటుతున్నప్పుడు, లోపలి పొరలో ఒక కణం వదిలిన చుక్క, బయటి పొరలో మరో కణం వదిలిన చుక్క అనుకోకుండా ఒకే దిశలో పడి, లేని కణాన్ని ఉన్నట్టుగా చూపిస్తాయి. ఎదురెదురు అభిఘాతాల్లో ఇవి ట్రాక్‌లెట్లలో సుమారు 14 శాతం; అంచులు మాత్రమే తాకిన అభిఘాతాల్లో సుమారు 1 శాతం. వీటిని అంచనా వేయడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. ఒక పొరలోని చుక్కలన్నింటినీ పుంజపు అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిప్పి మళ్లీ జతలు కడతారు. అలా తిప్పాక నిజమైన జత ఒక్కటీ మిగలదు కనుక, దొరికిన జతలన్నీ తప్పుడువే. వాటి సంఖ్యను అసలు డేటాలో దిశల తేడా ఎక్కువగా ఉన్న జతల సంఖ్యతో సరిపోల్చి, ఆ నిష్పత్తి ప్రకారం తీసివేస్తారు. నాకు ఈ పద్ధతి నచ్చడానికి కారణం, ఇందులో సిమ్యులేషన్‌పై ఆధారపడటం బాగా తక్కువగా ఉండటం. నేపథ్యాన్ని డేటాయే చెబుతుంది.

రెండో మూలం ప్రాథమిక కణం అంటే ఏమిటన్న నిర్వచనం. ఇక్కడే ఎక్కువ ఆగాలి. అభిఘాతంలో నేరుగా పుట్టిన కణాలు మనకు కావాలి, కానీ శోధకం వరకు వచ్చే కణాల్లో చాలావరకు మధ్యలో ఏదో ఒక విఘటనం నుంచి వచ్చినవే. రో మేసాన్ వంటివి పుట్టిన చోటే విడిపోతాయి, వాటి నుంచి వచ్చిన పయాన్లను అభిఘాతంలో పుట్టిన పయాన్ల నుంచి వేరుచేయడం ఎవరికీ సాధ్యం కాదు. లాంబ్డా కణం మాత్రం కాంతివేగంతో దాని సగటు జీవితకాలాన్ని గుణిస్తే 7.9 సెంటీమీటర్లు వచ్చేంత కాలం బతుకుతుంది. తటస్థ కేయాన్లలో తక్కువ కాలం బతికే రకానికి అదే దూరం 2.7 సెంటీమీటర్లు. ఇవి పుంజపు గొట్టం దాటాక, కొన్నిసార్లు మొదటి పొర దాటాక విడిపోతాయి. అందువల్ల ఆలిస్ ఒక గీత గీసింది: ఆ దూరం ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ ఉన్న కణం నేరుగా పుట్టినా, లేదా అంతకంటే తక్కువ కాలం బతికే కణాల విఘటనం నుంచే వచ్చినా దాన్ని ప్రాథమికం అంటారు. లాంబ్డా నుంచి వచ్చిన ప్రోటాన్, పయాన్ ఈ నిర్వచనం ప్రకారం ద్వితీయ కణాలు, వాటిని తీసివేయాలి.

తీసివేయడానికి అసలు ఎన్ని లాంబ్డాలు పుట్టాయో తెలియాలి. తొలి కొలత చేస్తున్నప్పుడు ఆ శక్తి దగ్గర అది ఎవరికీ తెలియదు! సిమ్యులేషన్ కార్యక్రమాలు స్ట్రేంజ్ క్వార్కులు గల కణాలను (లాంబ్డా, కేయాన్ వంటివాటిని) సాధారణంగా తక్కువగా ఉత్పత్తి చేస్తాయి, కానీ భార అయాన్ అభిఘాతాల్లో అవి ఎక్కువగా పుడతాయని సెర్న్‌లోని పాత ప్రయోగాలు, రిక్ ప్రయోగాలు ముందే చూపించాయి. అందువల్ల సిమ్యులేషన్ చెప్పిన నిష్పత్తిని ఉన్నదున్నట్టు వాడకూడదు. ఆ నిష్పత్తిని సహేతుకమైన మేరకు పెంచి, తగ్గించి, తుది సమాధానం ఎంత కదులుతుందో చూడాలి. ఆ కదలికే క్రమ దోషంలో ఒక భాగమవుతుంది. ఈ పనిని యాంత్రికంగా చేయడం తేలిక, విజ్ఞతతో చేయడం కష్టం. ఎంత మేరకు మార్చి చూడాలో ఏ సూత్రమూ చెప్పదు; మరీ తక్కువ మారిస్తే దోషం కృత్రిమంగా చిన్నదవుతుంది, మరీ ఎక్కువ మారిస్తే కొలతే నిరర్థకమవుతుంది. పత్రాల్లోని క్రమ దోషం వెనుక ఇలాంటి నిర్ణయాలు ఎన్నో ఉంటాయని గుర్తుంచుకుని చదవాలి.

దీనికి తోడు శోధకపు పదార్థం కూడా కణాలను పుట్టిస్తుంది. తటస్థ పయాన్ పుట్టిన వెంటనే రెండు ఫోటాన్లుగా విడిపోతుంది. ఆ ఫోటాన్ పుంజపు గొట్టంలోనో సిలికాన్‌లోనో ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటగా మారితే, మన లెక్కలో రెండు ఆవేశిత కణాలు అదనంగా చేరతాయి. ఎంత పదార్థం ఉందో కచ్చితంగా తెలిస్తేనే దీన్ని సరిదిద్దగలం. దీనికి పరిష్కారం ఆ మార్పిడులలోనే ఉంది. ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటలు పుట్టిన బిందువులను గుర్తించి పటం గీస్తే శోధకపు పొరలు, ఆధారాలు, తీగలు అందులో స్పష్టంగా కనిపిస్తాయి. ఎక్కడ ఎన్ని మార్పిడులు జరిగాయో దాన్నిబట్టి అక్కడ ఎంత పదార్థం ఉందో తేలుతుంది. ఆలిస్‌లో ఈ విధంగా పదార్థపు మందాన్ని సుమారు 4.5 శాతం అనిశ్చితితో ధ్రువీకరించారు.

మిగిలిన దిద్దుబాట్లను వేగంగా చెప్పేస్తాను. పనిచేయని పిక్సెల్ భాగాలు, శోధకం లేని కోణాలు, ఒక పొరలో చుక్క పడకపోవడం వంటివాటిని, కణాలు పదార్థం గుండా ఎలా పోతాయో అనుకరించే జియాంట్ సిమ్యులేషన్‌తో సరిచేస్తారు. 50 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల కంటే తక్కువ ద్రవ్యవేగం గల కణాలు పదార్థంలోనే ఆగిపోతాయి కనుక వాటి సంఖ్యను ద్రవ్యవేగ వితరణ ఆకారం నుంచి పొడిగించి అంచనా వేస్తారు. ఈ పొడిగింపు ఎంత చిన్నదైతే కొలత అంత గట్టిది.

ఇప్పుడు మీరు ప్రస్తావించకపోయినా ఆ 1584లో దాగి ఉన్న మరో కొలత గురించి చెప్పాలి. బాగా ఎదురెదురుగా ఢీకొన్న 5 శాతం ఘటనలు అన్నాం. రెండు కేంద్రకాల కేంద్రాల మధ్య దూరాన్ని, అంటే అభిఘాత పరామితిని, ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు, చూడలేరు. సీసపు కేంద్రకపు వ్యాసార్ధమే 6.6 ఫెర్మీలు (ఒక ఫెర్మీ మీటరులో వెయ్యి లక్షల కోట్లో వంతు). ఆ దూరాన్ని పరోక్షంగా, కణాల ఉత్పత్తి నుంచే ఊహించాలి.

ఆలిస్‌లో ఇందుకు పుంజపు దిశకు దగ్గరగా రెండు వైపులా ఉండే వీజీరో అనే సింటిలేటర్ శోధకాల సంకేతాన్ని వాడారు. సంకేతం ఎంత పెద్దదైతే అభిఘాతం అంత ఎదురెదురుగా జరిగిందని అర్థం. ఆ సంకేతపు వితరణను గ్లౌబర్ నమూనాతో సరిపోలుస్తారు. ఈ నమూనాలో కేంద్రకంలోని 208 న్యూక్లియాన్లను వుడ్స్-శాక్సన్ సాంద్రత వితరణ (మధ్యలో సమంగా ఉండి అంచు దగ్గర క్రమంగా తగ్గేది) ప్రకారం యాదృచ్ఛికంగా అమరుస్తారు, రెండు కేంద్రకాలను ఏదో ఒక దూరంలో ఒకదాని గుండా మరొకటి సరళరేఖల్లో పోనిస్తారు, న్యూక్లియాన్ల మధ్య అభిఘాత వైశాల్యాన్ని (2.76 టెరా ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర 64 మిల్లీబార్న్‌లు) బట్టి ఏవి వేటిని తాకాయో లెక్కిస్తారు. పాల్గొన్న న్యూక్లియాన్ల సంఖ్య, జంట అభిఘాతాల సంఖ్య రెండింటి మిశ్రమం నుంచి కణాలు పుడతాయని, ఒక్కో మూలం నుంచి వచ్చే కణాల సంఖ్య రుణ ద్విపద వితరణను అనుసరిస్తుందని అనుకుని వీజీరో సంకేతాన్ని తిరిగి నిర్మిస్తారు. మొదటి 5 శాతం ఘటనల్లో పాల్గొన్న న్యూక్లియాన్లు సగటున సుమారు 383 అని అలా తేలింది. 1584ను 383లో సగంతో భాగిస్తే 8.3 వస్తుంది, పత్రాల్లో న్యూక్లియాన్ జతకు 8.3 అని కనిపించేది ఇదే.

ఇక్కడ రెండు సూక్ష్మాలున్నాయి. ఒకటి, సెంట్రాలిటీని (అభిఘాతం ఎంత ఎదురెదురుగా జరిగిందో దాన్ని) నిర్ణయించే శోధకం, కణాలను లెక్కపెట్టే శోధకం వేర్వేరు కోణాల్లో ఉండాలి. ఒకే కణాలను రెండింటికీ వాడితే, అనుకోకుండా ఎక్కువ కణాలు వచ్చిన ఘటనలనే మనం ఎదురెదురు అభిఘాతాలుగా ఏరుకుంటాం, ఆ తరువాత అక్కడ ఎక్కువ కణాలు ఉన్నాయని ఆశ్చర్యపడతాం. రెండోది, 5 శాతం అంటే దేనిలో 5 శాతం? మొత్తం హాడ్రానిక్ అభిఘాతాల్లో, అంటే కేంద్రకాలు నిజంగా ఒకదాన్నొకటి తాకినవాటిలో. ఆ మొత్తం తెలియడం అంత సులభం కాదు. ఒక్కో సీసపు కేంద్రకంలో 82 ప్రోటాన్లున్నాయి. వాటి విద్యుత్ క్షేత్రం ఎంత బలమైనదంటే కేంద్రకాలు ఒకదాన్నొకటి తాకకుండా పక్కనుంచి పోయినా విద్యుదయస్కాంత ప్రక్రియలు జరుగుతాయి, పైగా అవి హాడ్రానిక్ అభిఘాతాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అంచులు మాత్రమే రాసుకున్న అభిఘాతాలతో అవి కలిసిపోతాయి. అందుకే కలుషితం తక్కువగా ఉండి, ట్రిగ్గర్ (ఏ ఘటనను నమోదు చేయాలో నిర్ణయించే వ్యవస్థ) దాదాపు అన్నింటినీ పట్టుకునే 90 శాతం బిందువును నమూనా సాయంతో నిర్ధారించి, అక్కడి నుంచి వెనక్కి కొలుచుకుంటూ వస్తారు. ఈ బిందువు ఒక శాతం అటూ ఇటూ అయితే మొదటి 5 శాతం తరగతిలో ఫలితం పెద్దగా మారదు, 70 నుంచి 80 శాతం తరగతిలో మాత్రం గణనీయంగా మారుతుంది. గ్రాఫ్‌లో కుడి, ఎడమ చివర్లలో దోషపు పట్టీలు ఒకే వెడల్పుతో ఎందుకు ఉండవో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

పుంజానికి సరిగ్గా ఎదురుగా, అభిఘాత బిందువుకు వంద మీటర్లకు పైగా దూరంలో ఉండే జీరో డిగ్రీ కెలోరిమీటర్లు, దేన్నీ తాకకుండా ముందుకు సాగిపోయిన న్యూట్రాన్ల శక్తిని కొలుస్తాయి. సూటిగా చూస్తే సెంట్రాలిటీకి ఇదే సరైన కొలత అనిపిస్తుంది. కానీ అంచు అభిఘాతాల్లో మిగిలిపోయిన న్యూట్రాన్లు చిన్న కేంద్రక శకలాల్లో బంధించబడి, అయస్కాంతాల్లో వంగి పక్కకు పోతాయి. అందువల్ల బాగా ఎదురెదురు అభిఘాతంలోనూ, బాగా అంచు అభిఘాతంలోనూ సంకేతం చిన్నదిగానే ఉంటుంది. దీన్ని ఒంటరిగా నమ్మలేం, వీజీరోకు తోడుగా సరిచూసుకోవడానికి వాడతాం.

కణాలను రకాలవారీగా లెక్కపెట్టినప్పుడు కూడా ఇదే కథ. వాయు శోధకంలో కణం కోల్పోయే శక్తి, టైమ్ ఆఫ్ ఫ్లైట్ శోధకంలో దాని ప్రయాణ కాలం కలిపి పయాన్లను, కేయాన్లను, ప్రోటాన్లను వేరుచేస్తారు. ఆ శోధకం 3.7 మీటర్ల దూరంలో ఉంది. 1 గిగా ఎలక్ట్రాన్‌వోల్టు ద్రవ్యవేగం దగ్గర పయాన్, కేయాన్ అక్కడికి చేరడంలో తేడా సుమారు 1.3 నానోసెకన్లు, 3 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర అది 0.15 నానోసెకన్లకు పడిపోతుంది. తొలి సంవత్సరాల్లో ఆ శోధకపు కాల స్పష్టత సుమారు 0.08 నానోసెకన్లు. వేరుచేయడం ఎక్కడ ఆగిపోతుందో మీరే కాగితం మీద లెక్కించుకోవచ్చు.

ఈ కొలతల్లో ప్రోటాన్ అత్యంత మొండిది. శోధకపు పదార్థాన్ని కణాలు తాకినప్పుడు దాని కేంద్రకాల్లోంచి ప్రోటాన్లు ఎగిరిపడతాయి, ప్రతిప్రోటాన్లు ఎగిరిపడవు. దీన్ని గమనించక రెండింటి నిష్పత్తిని తీస్తే ద్రవ్యం, ప్రతిద్రవ్యం మధ్య లేని అసమానత కనిపిస్తుంది. మార్గాన్ని వెనక్కి పొడిగించి అది అభిఘాత బిందువుకు ఎంత దగ్గరగా వస్తుందో చూసి, ఆ దూరపు వితరణలో ప్రాథమిక, విఘటన, పదార్థ భాగాలను విడదీస్తారు. ప్రతిప్రోటాన్లకు మరో ఇబ్బంది: అవి పదార్థంలో శోషింపబడటాన్ని పాత జియాంట్ వెర్షన్ ఎక్కువగా అంచనా వేసేది, దాన్ని విడిగా సరిచేయవలసి వచ్చింది. ఈ జాగ్రత్తలన్నీ తీసుకుని 2012లో ప్రకటించిన ప్రోటాన్-పయాన్ నిష్పత్తి, కణాలన్నీ ఒకే ఉష్ణోగ్రత దగ్గర సమతౌల్యంలో పుట్టాయనుకునే ఉష్ణ సమతౌల్య నమూనాలు ముందుగా చెప్పినదానికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు తక్కువగా వచ్చింది. లాంబ్డా విఘటనాల దిద్దుబాటు సరిగ్గా జరగకపోతే ఆ తేడాను ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ తరువాత పయాన్ల నుంచి తేలికపాటి కేంద్రకాల వరకు అనేక కణాల ఉత్పత్తిని కలిపి విశ్లేషించినప్పుడు 156 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల చుట్టుపక్కల ఉష్ణోగ్రత, అంటే దాదాపు 1.8 లక్షల కోట్ల కెల్విన్లు, తేలింది. క్వార్కులు హాడ్రాన్లుగా (ప్రోటాన్, పయాన్ వంటి కణాలుగా) మారే ఉష్ణోగ్రతకు, క్వార్కుల సిద్ధాంతాన్ని బిందువుల జాలంపై కంప్యూటరుతో లెక్కించే లాటిస్ గణనలు ఇచ్చే విలువ కూడా దాదాపు అదే. ఇంత లోతైన ఫలితం, ఎన్ని ప్రోటాన్లు శోధకపు పదార్థంలోంచి ఎగిరిపడ్డాయన్న వివరంపై ఆధారపడి ఉందంటే నాకు ఇప్పటికీ ఈ పని మీద గౌరవం పెరుగుతూనే ఉంటుంది.

అయితే ఇన్ని దిద్దుబాట్లు చేశాక వచ్చిన సంఖ్యను ఎందుకు నమ్మాలన్నది న్యాయమైన ప్రశ్న. దీనికి నేను ఇచ్చే జవాబు అదే కొలైడర్‌లోని మరో ప్రయోగమైన సీఎంఎస్. అదే 2.76 టెరా ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర, అదే 5 శాతం తరగతిలో వారికి వచ్చిన విలువ 1612, దోషం 55. వారి పిక్సెల్ శోధకం వేరు, సెంట్రాలిటీకి వాడిన కెలోరిమీటర్ వేరు, విశ్లేషణ కార్యక్రమాలు వేరు. అన్నింటికంటే ముఖ్యం, వారు ఈ కొలత కోసం తమ అయస్కాంతాన్ని ఆపి ఉంచిన డేటాను వాడారు. క్షేత్రం లేకపోతే తక్కువ ద్రవ్యవేగం గల కణాలు కూడా సూటిగా వెళ్లి దొరుకుతాయి, కనుక ఆ వైపు దిద్దుబాటు స్వభావమే మారిపోతుంది. వేర్వేరు దారుల్లో, వేర్వేరు దిద్దుబాట్లతో వెళ్లిన రెండు బృందాలు తమతమ దోషాల పరిధిలో ఒకే చోటికి చేరాయి. ఒకే ప్రయోగం ఎంత జాగ్రత్తపడినా ఇవ్వలేని భరోసా ఇది. 2015లో 5.02 టెరా ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర ఆలిస్ చెప్పిన విలువ 1943, దోషం 54. అంటే 4.8 శాతం నుంచి 2.8 శాతానికి దిగింది. ఇది ఎక్కువ ఘటనలు సేకరించడం వల్ల సాధ్యమయ్యే తగ్గుదల కాదని పైన చెప్పిన దాన్నిబట్టి మీకు తెలిసే ఉంటుంది.

ఒక హెచ్చరిక కూడా ఇవ్వాలి. రెండు ప్రయోగాల గ్రాఫులను ఒకదానిపై ఒకటి పెట్టే ముందు బలహీన విఘటనాల కణాలను తీసివేశారా లేదా, ద్రవ్యవేగాన్ని సున్నా వరకు పొడిగించారా లేదా, సెంట్రాలిటీ తరగతి 0 నుంచి 5 శాతమా లేక 0 నుంచి 6 శాతమా అన్నవి చూడండి. రిక్‌లోని ప్రయోగాలే ప్రోటాన్ల విషయంలో అన్నీ ఒకే విధంగా దిద్దుబాటు చేయలేదు. అలాగే ఒకే గ్రాఫ్‌లోని బిందువుల క్రమ దోషాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. పదార్థపు అంచనా తప్పితే బిందువులన్నీ కలిసి పైకో కిందికో కదులుతాయి. అందువల్ల దోషపు పట్టీల లోపల ఏ వంపు గీసినా సరిపోతుందనుకోకూడదు.

చివరగా, మీరు సొంతంగా చేయగలరా? చేయగలరు. సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో 2010, 2011 సంవత్సరాల సీఎంఎస్ భార అయాన్ డేటా, ఆలిస్ 2010 సీసపు అభిఘాతాల డేటాలో కొంత భాగం ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి. పూర్తి స్థాయి దిద్దుబాట్లు మొదటి ప్రయత్నంలో పెట్టుకోవద్దు. ఆలిస్ డేటాతో మొదలుపెట్టేట్టయితే ట్రాక్‌లెట్ల సంఖ్యను వీజీరో సంకేతంతో కలిపి గ్రాఫ్ గీయండి, సంకేతం ఎక్కువగా ఉన్న 5 శాతం ఘటనలను వేరుచేయండి, వాటిలో ట్రాక్‌లెట్ల సగటు తీయండి. మీకు వచ్చే ముడి సంఖ్య 1584కు సరిపోదు. ఎంత దూరంలో ఉందో రాసిపెట్టుకుని, పైన చెప్పిన దిద్దుబాట్లలో ఏది దాన్ని ఏ వైపుకు, సుమారుగా ఎంత కదపాలో ఒక్కొక్కటిగా అంచనా వేయండి. ఘటనల్లో చుక్కల స్థానాలు కూడా అందితే 180 డిగ్రీల తిప్పుడుతో తప్పుడు జతల వాటాను మీరే తీయవచ్చు. ఆ విలువ సెంట్రాలిటీతో ఎలా మారుతోందో చూసి, మీ గ్రాఫ్‌తో పాటు ఇక్కడ రాయండి, తరువాతి దిద్దుబాటు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.